మలుపు దగ్గర రెండు కుట్లు

మాస్టారి ఎడమ పిక్క పదిహేను అంగుళాలు, కుడి పిక్క పదమూడున్నర.

ఈ తేడా కనిపెట్టింది ఏ డాక్టరూ కాదు. ముప్ఫై ఏళ్ళుగా వీధిలో అందరి నడుములూ భుజాలూ కొలిచిన టేపుతో, పొద్దున్నే మంచం మీద కూర్చుని మాస్టారే కొలుచుకున్నాడు. నమ్మబుద్ధి కాలేదు. పాతబడి టేపు సాగిందేమోనని కొత్తది విప్పి మళ్ళీ కొలిచాడు. కొత్త టేపుకీ మొహమాటం లేదు, అదే చెప్పింది. అప్పుడు పాంటు కాలు కిందికి దించుకుని, "ఏమే, ఎడమ కాలు కాస్త బరువెక్కినట్టుంది" అన్నాడు, వంటింట్లోకి వినపడీ వినపడనట్టు.

వినపడింది. అరగంటలో ఇద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, బట్టలు కుట్టే మాస్టారు. ఇంటికి రెండు వీధుల అవతల, చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్లో ఒక తొక్కుడు మిషనూ ఒక కత్తిరింపు బల్లా పెట్టుకుని పాంట్లు కుడుతుంటాడు. కుట్టినవి సంచిలో ఇంటికి వస్తాయి. భార్య వాటికి కాజాలు కుట్టి, గుండీలు వేసి, కాళ్ళ అంచులు మడిచి చేత్తో కుట్టి పంపుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస.

పదేళ్ళుగా ఆవిడది ఒకటే పోరు. "ఆ మిషనుకి మోటారు పెట్టించుకోండి. ఎన్నాళ్ళని తొక్కుతారు?"

పదేళ్ళుగా ఆయనది ఒకటే జవాబు. "మోటారుకి బుద్ధుండదే. నా కాలికి ఉంది. సూది ఎక్కడ ఆగాలో అక్కడే ఆపుతుంది. మోటారు పెట్టిననాడు నా కత్తెర గూట్లో పెట్టేస్తాను."

ఈ మాట ఇంట్లో అని ఊరుకున్నా బాగుండేది. చుట్టాల ముందు అన్నాడు, బేరానికొచ్చిన వాళ్ళ ముందు అన్నాడు, అడగనివాళ్ళ ముందు కూడా అన్నాడు. అందుకే ఇప్పుడు బయటికి చెప్పుకోలేక చస్తున్నాడు. మూడు వారాల కిందట మాస్టారు మోటారు పెట్టించాడు.

ఒక ఫ్యాక్టరీ వాళ్ళు తమ పనివాళ్ళకి నూటఇరవై పాంట్లు నెల తిరిగేలోగా కావాలన్నారు. మిషన్లు బాగుచేసే మెకానిక్ "ఊరికే వాడి చూడండి మాస్టారూ, నచ్చకపోతే పట్టుకుపోతాను" అని రెండు పిడికిళ్ళంత మోటారు బిగించి వెళ్ళాడు. మొదటిరోజు మాస్టారు దాన్ని పామును చూసినట్టు చూశాడు. రెండోరోజు ఎవరూ చూడకుండా ఒక పాంటు కుట్టాడు. మూడోరోజు నుంచి పెడలు ముట్టుకోలేదు. ఎడమ కాలు పిరుదుల కింద మడిచిపెట్టుకుని, కుడి బొటనవేలితో మోటారు మీట నొక్కుతూ, పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే ఒంటిగంట దాకా లేచేవాడు కాదు. ఇంత సుఖం ముప్ఫై ఏళ్ళూ ఎందుకు పోగొట్టుకున్నానా అని లోలోపల కుమిలిపోయేవాడు కూడా.

చిక్కల్లా నాలుగింటికి. ఆ వేళకి భార్య టీ పట్టుకొస్తుంది. ఆవిడ ఎడమ చెప్పు వీధి మలుపు దగ్గర్నుంచే టపటపమంటుంది. అది వినపడగానే మాస్టారు మోటారు మీద పాత గుడ్డ కప్పేసి, రెండు కాళ్ళూ పెడలు మీద పెట్టి దబదబా తొక్కేవాడు. బెల్టు మోటారుకి ఉంది కాబట్టి కింద పెద్ద చక్రం వట్టినే గిరగిర తిరిగేది, పైన సూది ఉలకదు పలకదు.

"కుట్టు పడ్డంలేదేంటి?" అని ఆవిడ.

"దారం తెగిందే" అని ఈయన.

మూడు వారాల్లో పదిహేనుసార్లు దారం తెగింది. ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "మంచి దారం కొనుక్కోండి" అని వెళ్ళిపోయేది. ఇంత అమాయకురాల్ని మోసం చేస్తున్నానే అని మాస్టారికి జాలేసేది. టీ తాగాక తగ్గిపోయేది.

ఆస్పత్రిలో డాక్టరు పిక్క మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాక అక్కడ చిన్న గుంట మిగిలింది, అది పూడడానికి తీరుబడిగా టైము తీసుకుంది. ముగ్గురూ ఆ గుంటనే చూశారు.

"ఈమధ్య చాలాసేపు కదలకుండా కూర్చున్నారా? దూరప్రయాణాలు గానీ, ఇంకేమైనా గానీ?"

భార్య పక్కనే నిలబడి ఉంది.

"నేనా? నాది తొక్కుడు మిషనండీ! కూర్చున్నానన్న పేరే గానీ, నా కాళ్ళు రోజుకి ఎంత దూరం నడిచినట్టో లెక్కే లేదు" అన్నాడు మాస్టారు.

"విచిత్రంగా ఉందే" అని డాక్టరు కాగితం మీద ఏదో రాశాడు. భార్య ఆయన్ని ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగింది.

"చూడండి" అన్నాడు డాక్టరు, "కాలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని నా అనుమానం. గడ్డ జారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. భయపెట్టడానికి చెప్పడంలేదు, ఆలస్యం చేయకూడదని చెప్తున్నాను. రక్తనాళాల స్కానింగు ఇవాళే చేయించాలి. మూడింటికి కింది అంతస్తుకి రండి. ఈలోగా ఆయాసం గానీ గుండెలో నొప్పి గానీ వస్తే ఒక్క క్షణం ఆగకుండా వచ్చేయండి. స్కానింగులో గడ్డ కనిపిస్తే ఇవాళే చేర్చుకుంటాం. లేదంటే ఇంటికెళ్ళిపోతారు."

"అలాగేనండీ" అంది భార్య.

"వదులైన బట్టలు వేసుకురండి. గజ్జ దగ్గర్నుంచి మడమ దాకా చూస్తారు."

మాస్టారికి గడ్డ సంగతి సగమే బుర్రకెక్కింది. గజ్జ దగ్గర ఆగిపోయాడు. "ఎవరండీ చూసేది?"

"స్కానింగు అమ్మాయి. చాలా బాగా చేస్తుంది."

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి ఒళ్ళూ కొలిచాడు గానీ తన ఒళ్ళు ఇంకొకరికి అప్పగించిన మనిషి కాదు. స్నానానికెళ్తే స్నానాలగది గడియ రెండుసార్లు లాగి చూసుకునే రకం.

ఇంటికొచ్చాక భార్య మాట్లాడలేదు. ఒకవేళ చేర్చుకుంటే అవసరమవుతాయని సంచిలో ఆయన రెండు జతల బట్టలూ, తువ్వాలూ, గ్లాసూ సర్దడం మొదలుపెట్టింది. మాస్టారికి ఆ సంచి చూస్తుంటే కాలు ఇంకో అంగుళం పెరిగినట్టనిపించింది. "కొట్లో ఒక్క చిన్న పని, ఇలా వెళ్ళి అలా వస్తా" అని మెల్లగా జారుకున్నాడు.

కొట్టు పక్కనే బల్ల వేసుకుని ఇస్త్రీ చేసే అతను ఉంటాడు. వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ఇస్త్రీపెట్టె చల్లారేలోగా అతని నోట్లోంచి బయటికొస్తుంది కాబట్టి అతన్ని అందరూ వార్తలు అని పిలుస్తారు.

"కాలికి స్కానింగా?" అన్నాడు వార్తలు, చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ. "మా తోడల్లుడికి చేశారు మాస్టారూ. గూనపెంకులా నోరు తెరిచిన సొరంగంలోకి తోస్తారు. లోపల ఊపిరాడదు. దానికి ముందు దబ్బనమంత సూదితో రంగు ఎక్కిస్తారు. తెల్లారిందాకా మూత్రం ఊదాగా వస్తుంది."

"కాలికేనా?"

"అతనికి తలకనుకోండి. కాలైనా తలైనా ఒంట్లోదే కదా. అన్నట్టు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ముడితే స్కానింగులో అన్నీ కలిసిపోయి కనపడతాయి."

మాస్టారు పొద్దున తాగిన టీని తలుచుకుని భయపడ్డాడు. ఇక ఏదీ ముట్టకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. తర్వాత కొట్లోకెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

అసలు ఆయన వచ్చిన పని వేరే ఉంది. ఆస్పత్రి మెట్లు దిగుతుంటేనే తట్టిన ఉపాయం అది. పాంటు విప్పకుండా కాలు చూపించాలంటే ఏం చెయ్యాలి? పాంటే తలుపులా తెరుచుకోవాలి. ఎడమ పక్క కుట్టు వెంట నడుము నుంచి మడమ దాకా తెరిచి వదిలేసి, లోపల పట్టీ వేసి, వరసగా, లాగితే ఫట్‌మని విడిపోయే టిచ్ గుండీలు పెడితే సరి. ఎంత మేర చూడాలో అంత మేరే గుండీలు విప్పుకోవచ్చు. మిగతాది మూసే ఉంటుంది. పరువుకి పరువు, వైద్యానికి వైద్యం.

గడియారం చూస్తే పన్నెండు. గుండీల పని కాకుండానే గంటన్నర. గుడ్డ రెండు మడతలుగా పరిచి, సుద్దతో గీసి, కత్తిరించి, మోటారు ముందు కూర్చున్నాడు. డాక్టరు మాట గుర్తొచ్చి ఎడమ కాలు మాత్రం ఈసారి మడవకుండా ఎదురుగా స్టూలు మీద చాపుకున్నాడు. మోటారు బర్రుమంది. కుట్టు వెనకాల కుట్టు పరిగెత్తింది. ఆయన ఆలోచన మలుపు దగ్గరికి రాకముందే సూది మలుపు తిరిగి అవతలికి పోయింది. పెడలు తొక్కే రోజుల్లో చేతికీ బుర్రకీ మధ్య మాటలు జరిగేవి, 'ఇది ఏ పక్క? ఇది మంచివైపేనా?' అని. మోటారు ముందు ఆ కబుర్లకి తీరిక లేదు.

రెండుంపావుకి పాంటు తయారైంది. పద్నాలుగు టిచ్ గుండీలు. మాస్టారు దాన్ని పైకెత్తి చూసుకుని, భయం కాసేపు మర్చిపోయి మురిసిపోయాడు. ఆస్పత్రి వాళ్ళు చూస్తే రోగులందరికీ ఇలాంటివే కుట్టమని అడుగుతారేమో అని కూడా అనిపించింది.

మూడింటికి కింది అంతస్తులో చెక్క బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. భార్య ఒళ్ళో సర్దిన సంచి. ఆవిడ ఇంకా మాట్లాడ్డంలేదు. కోపమేమో అనుకున్నాడు మాస్టారు. ఏం కోపమో ఆలోచించాడు గానీ, తేల్చుకునే ధైర్యం లేక ఎదురుగోడ మీదున్న చేతులు కడుక్కునే విధానం బొమ్మ మూడుసార్లు చదివాడు.

"భోంచేయకుండా వచ్చారు" అంది ఆవిడ చివరికి.

"తినకూడదు. తింటే అన్నీ కలిసిపోతాయి."

"ఎవరు చెప్పారు?"

"తెలిసినవాళ్ళు."

"వార్తలు చెప్పాడా?"

మాస్టారు నాలుగోసారి బొమ్మ చదవడం మొదలుపెట్టాడు.

లోపలి నుంచి పిలుపొచ్చింది. తెర చాటున మాస్టారు కొత్త పాంటు తొడుక్కుని, పెళ్ళికొడుకులా ఒక్కసారి సవరించుకుని గదిలోకి అడుగుపెట్టాడు. గది మసకగా, చల్లగా ఉంది. సొరంగం ఎక్కడా లేదు. ఒక మంచం, పక్కన టీవీలాంటి తెరా, దాని ముందు తిరిగే కుర్చీలో జడ చుట్టగా చుట్టుకున్న పాతికేళ్ళ అమ్మాయీ, అంతే.

"రండి సార్. అమ్మగారూ, మీరూ లోపలికి రండి, ఆ కుర్చీలో కూర్చోండి."

మాస్టారు గది నాలుగు మూలలా చూశాడు. "సూది ఎక్కడుందమ్మా?"

"సూది ఉండదు సార్."

"మరి రంగు?"

"రంగూ లేదు. ఈ పరికరాన్ని చర్మం మీద పెట్టి చూస్తాను. లోపలికి శబ్దం వెళ్ళి తిరిగొస్తుంది, దాన్ని బట్టి బొమ్మ కనిపిస్తుంది. మన చెవికి వినపడని శబ్దం. అక్కడక్కడా గట్టిగా నొక్కుతాను, అంతే. అరగంటలో అయిపోతుంది."

"పొద్దున్నుంచి ఏమీ తినలేదమ్మా, ఒక్క టీ తప్ప."

"కాలి స్కానింగుకి తినకుండా రావక్కర్లేదు సార్. ఎవరు చెప్పారు?"

కుర్చీలోంచి భార్య దగ్గింది.

"సరే, ఎడమ కాలు కదా. పాంటు తీసి ఈ దుప్పటి కప్పుకోండి."

మాస్టారు ఈ క్షణం కోసమే కాచుక్కూచున్నాడు. "అవసరం లేదమ్మా. దీనికో ఏర్పాటు చేసుకొచ్చాను" అని మంచం మీద పడుకుని, దర్జాగా ఎడమ నడుము దగ్గర చెయ్యి పెట్టి మొదటి టిచ్ గుండీ లాగాడు. గుండీ దొరకలేదు. ఇంకాస్త కిందికి తడిమాడు. లేదు. మోకాలి దాకా తడిమాడు. ఎడమ పక్కంతా నున్నగా, గట్టిగా, అతుకు కనపడకుండా కుట్టేసి ఉంది.

అప్పుడు కుడిచెయ్యి నెమ్మదిగా కుడి పక్కకి వెళ్ళింది. పద్నాలుగు గుండీలూ అక్కడ హాయిగా ఉన్నాయి.

మోటారు జోరులో గుడ్డ తిరగేసి పట్టుకున్నాడు. మంచివైపేదో చూసుకోకుండా ఎడమ కాలి పట్టీ కుడి కాలికి వేసి కుట్టేశాడు. కత్తెర పట్టిన మొదటి నెల్లో చేసి గురువు చేత మొట్టికాయ తిన్న తప్పు, ముప్ఫై ఏళ్ళ తర్వాత, తన పాంటుకే చేశాడు.

"ఏమైంది సార్?"

"అమ్మా... కుడి కాలు చూస్తే కుదరదా? రెండూ ఒకే ఒంట్లోవే కదా" అన్నాడు మాస్టారు, వార్తలు పాఠం బాగా ఒంటబట్టి.

ఆ అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "పోల్చి చూడ్డానికి కుడి కాలు కూడా కొంచెం చూస్తాను సార్, అప్పుడు మీ ఏర్పాటు పనికొస్తుంది. ముందు మాత్రం ఎడమదే. నేను అటు తిరుగుతాను, పాంటు తీసి దుప్పటి కప్పుకోండి. కావల్సిన మేరే తీస్తాను, మిగతాది కప్పే ఉంచుతాను."

ఇన్ని మర్యాదలు ముందే తెలిసుంటే ఇంత శ్రమ పడేవాడు కాదు. మాస్టారు దుప్పటి మెడ దాకా లాక్కుని, పాంటు మడిచి భార్యకి అందించాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

గజ్జ దగ్గర జెల్లు పడింది. "అబ్బా!"

"చల్లగా ఉందా సార్?"

"మంచుగడ్డ పెట్టావు తల్లీ."

"ఆ మాట అనకండి" అంది భార్య చప్పున. గడ్డ అన్న మాట ఆవిడకి ఇవాళ నచ్చడంలేదు.

అమ్మాయి పరికరం ఆనించి నొక్కింది. కొంచెం జరిపింది, మళ్ళీ నొక్కింది. అంగుళానికోసారి నొక్కుతూ తొడ వెంట దిగుతోంది. తెర మీద నల్లగా గుండ్రాలు కనిపిస్తున్నాయి, నొక్కినప్పుడల్లా ఒకటి కన్ను మూసినట్టు మూసుకుంటోంది, వదిలితే తెరుచుకుంటోంది. మాస్టారికి అందులో ఏదీ తెలియలేదు. అందుకని ఆ అమ్మాయి మొహం చూశాడు. మొహంలో ఏమీ లేదు.

ఆ మొహం ఆయనకి బాగా తెలుసు. రెండంగుళాలు పొట్టయిన పాంటు తొడిగించి, అద్దం ముందు నిలబెట్టి, "బ్రహ్మాండంగా ఉందండీ" అనేముందు తను పెట్టే మొహం అదే. అయిపోయింది, గడ్డ ఉంది, సంచి విప్పాల్సిందే అనుకున్నాడు.

"ఏమైనా కనపడుతోందా అమ్మా?"

"చూస్తున్నాను సార్. డాక్టరుగారు చెప్తారు. కదలకండి."

అదిగో. తనూ అంతే. 'ఇస్త్రీ చేస్తే సరిపోతుందండీ' అంటాడు.

మోకాలి వెనక్కి వచ్చాక ఆ అమ్మాయి ఒక బొత్తాం నొక్కింది. గదిలో శబ్దం మొదలైంది. శ్... శ్... అని ఎవరో చీపురుతో నెమ్మదిగా వాకిలి ఊడుస్తున్నట్టుంది.

"ఏంటది?"

"మీ రక్తం సార్. కొంచెం మెల్లగా నడుస్తోంది. ఇప్పుడు మీ పిక్క ఒత్తుతాను." ఒత్తింది. హుష్షుమని శబ్దం పైకి లేచింది. "బాగుంది. ఈసారి మీరే పాదం కిందికీ పైకీ ఆడించండి."

కింద పెట్టడం, పైకెత్తడం. మాస్టారి పాదానికి ఇది ఒకరు చెప్పాలా? మడమ దించి, వేళ్ళు దించి, మడమ దించి, వేళ్ళు దించి, మంచం మీద పడుకునే పెడలు అందుకున్నాడు. హుష్, హుష్, హుష్, హుష్. గదంతా శబ్దం. మాస్టారు చెవులు రిక్కించాడు. ఆ లయ ఆయనకి తెలుసు. మూడు వారాలుగా విననిది. కొట్లో తొక్కుడు మిషను పాడే పాటే అది, ఒంట్లోంచి వస్తోంది.

అమ్మాయి ఆశ్చర్యపోయింది. "ఇంత చక్కగా పాదం ఆడించిన వాళ్ళని నేను చూళ్ళేదు సార్! ఏం పని చేస్తారు మీరు?"

"కుట్టుపనమ్మా. తొక్కుడు మిషను."

"రోజంతా తొక్కే కాలేనా ఇది? మరి ఇలా ఎందుకు వాచింది? ఈమధ్య పనిలో ఏమైనా మారిందా సార్? ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టరుగారు దీన్ని బట్టే మందు నిర్ణయిస్తారు."

గదిలో శబ్దం మళ్ళీ శ్... శ్... అని మందగించింది. మాస్టారు పైకప్పు చూశాడు. చెప్తే పరువు పోతుంది, అదీ భార్య ముందు. చెప్పకపోతే పోయేది ఏంటో డాక్టరు పొద్దున్నే చెప్పాడు. రెండూ తూకం వేశాడు. సిగ్గుచేటు, పరువే బరువు తూగింది.

"ఏమీ మారలేదమ్మా" అన్నాడు.

"మారింది" అంది భార్య.

మాస్టారు మెడ తిప్పి చూశాడు. ఆవిడ ఒళ్ళో పాంటు పరుచుకుని, కుట్టు వెంట బొటనవేలితో తడుముతూ కూర్చుంది, తలెత్తకుండా.

"మూడు వారాలైంది అమ్మాయ్. మోటారు పెట్టించారు. ఈ కాలు మడిచి కింద పెట్టుకుని నాలుగేసి గంటలు లేవకుండా కూర్చుంటున్నారు. రాసుకో."

"నీకెవరు చెప్పారే? వార్తలా?"

"వార్తలుకి ఇంతవరకూ తెలీదు. ఇదిగో, ఇది చెప్పింది." పాంటు జేబు మూల పైకెత్తి చూపించింది. "మలుపు దగ్గర రెండు కుట్లు దాటిపోయాయి. మీ కాలు తొక్కితే సూది మలుపు మీదే ఆగుతుంది. ఇన్నేళ్ళుగా మీ కుట్టు మీద కాజాలు కుట్టాను, ఒక్క కుట్టు దాటలేదు. ఫ్యాక్టరీ పాంట్లు మొదటి సంచి ఇంటికొచ్చిన రోజే చూశాను. ప్రతి మలుపుకీ రెండేసి, మూడేసి. మర్నాడు చెప్పులు చేత్తో పట్టుకొచ్చి, మీరు కూర్చునే తీరూ చూశాను."

"మరి అడగలేదే!"

"పదిహేనుసార్లు దారం తెగిందన్నారు. ఇంకెన్నిసార్లు తెగుతుందో చూద్దామనుకున్నాను."

అమ్మాయి భుజాలు కదులుతున్నాయి. పరికరం కూడా కదలడంతో తెర మీద గుండ్రాలు ఊగాయి. "ఒక్క నిమిషం సార్, సారీ" అంది.

భార్య మాత్రం నవ్వలేదు. "పొద్దున డాక్టరుగారి దగ్గరే చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. పెట్టించుకోమని పదేళ్ళు పోరింది నేనే. కాళ్ళు అరిగిపోతున్నాయని పోరాను. తీరా చూస్తే అదే..." పాంటు కాలితో కళ్ళు తుడుచుకుంది. టిచ్ గుండీ గుచ్చుకున్నట్టుంది, మొహం చిట్లించింది.

బెంచీ మీద ఆవిడ మౌనం కోపం కాదని మాస్టారికి అప్పటికి తెలిసింది. పరువు ఎటు పోయిందో ఆయనకే తెలీలేదు. లేచి కూర్చోబోయాడు. "ఏమే, నువ్వేం చేశావే, కాలు మడవమని నువ్వు చెప్పావా..."

"సార్, కదలకండి!" అంది అమ్మాయి.

కదలకుండా పడుకునే చెయ్యి చాపాడు. కుర్చీకీ మంచానికీ మధ్య జానెడు దూరం మిగిలింది. ఆవిడ కుర్చీ జరుపుకుంది.

తర్వాత అమ్మాయి ఆయన్ని నిలబెట్టి, బరువంతా కుడి కాలి మీద వేయమని, మళ్ళీ పిక్క ఒత్తి చూసింది. దుప్పటి చుట్టుకుని, భార్య భుజం పట్టుకుని మాస్టారు ఒంటికాలి కొంగలా నిలబడ్డాడు. ఆఖరికి కుడి కాలు. పాంటు మళ్ళీ తొడుక్కుని పద్నాలుగు గుండీల్లో ఆరు ఫట్ ఫట్ ఫట్‌మని విప్పాడు. "సౌకర్యంగా ఉంది సార్, నిజంగా" అంది అమ్మాయి. మాస్టారు ఇవాళ విన్న మొదటి మంచిమాట అది.

పై అంతస్తులో డాక్టరు రిపోర్టు చదువుతున్నంతసేపూ భార్య సంచి హ్యాండిలు మెలితిప్పుతూనే ఉంది.

"గడ్డ లేదు" అన్నాడు డాక్టరు.

హ్యాండిలు చేతిలోంచి జారి సంచి కింద పడింది. లోపల గ్లాసు ఖంగుమంది.

"సిరల్లో రక్తాన్ని పైకి పోనిచ్చి కిందికి జారకుండా ఆపే చిన్న చిన్న తలుపులుంటాయి. అవి కాస్త వదులయ్యాయి. మీరేమో కాలు మడిచి గంటలకొద్దీ దాని మీద కూర్చున్నారు. రక్తం కిందే నిలిచిపోయి వాచింది. ఇందులో రాసుంది, మోటారు సంగతి." కళ్ళజోడు మీంచి చూశాడు. "పొద్దున నాతో ఇంకోలా చెప్పినట్టున్నారు?"

"పొద్దున ఆవిడ పక్కనుందండీ."

"ఇప్పుడూ ఉంది కదా?"

"ఇప్పుడు తెలిసిపోయిందండీ."

డాక్టరు నవ్వి, బిగుతు మేజోళ్ళు రాసిచ్చాడు. పడుకున్నప్పుడు కాళ్ళు ఎత్తులో పెట్టుకోవాలి. కాలు మడిచి కూర్చోకూడదు. అరగంటకోసారి లేచి నడవాలి. వాపు పెరిగినా, నొప్పి వచ్చినా వెంటనే రావాలి.

"మరి పెడలండీ?"

"తొక్కండి. పిక్క కదిలితేనే రక్తం పైకి ఎక్కేది."

మాస్టారు గది దాటగానే ఆగి, రొమ్ము విరుచుకున్నాడు. "విన్నావా? తొక్కమన్నారు! పదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. నా కాలికి బుద్ధుందని..."

భార్య సంచిలోంచి, ఆయన మార్చుకుని ఇచ్చిన కొత్త పాంటు తీసి, దాని జేబు మూల ఆయన మొహం ముందు పెట్టింది. మాస్టారు రొమ్ము మామూలు కొలతకి వచ్చింది.

"ఆకలేస్తోంది" అన్నాడు.

మర్నాడు మెకానిక్ వచ్చి మోటారు విప్పాడు గానీ పట్టుకుపోలేదు. భార్య అటక మీంచి తన పాత చేతిమిషను దింపించి, దానికి బిగించమంది. "పదేళ్ళు అడిగింది నేను. వాడేది కూడా నేనే" అంది. చేతులు బార్లా చాపితే నిండిపోయే కొట్లో ఇప్పుడు రెండు మిషన్లు. ఆయన పెడలు తొక్కుతుంటే ఆవిడ మోచెయ్యి తగులుతుంది, ఆవిడ గుడ్డ తిప్పితే ఆయన కత్తెర కిందపడుతుంది. అరగంటకోసారి ఆవిడ గడియారం చూసి "ఊఁ, లేవండి" అంటుంది. మాస్టారు బిగుతు మేజోడు ఎగలాక్కుని వీధి చివరిదాకా వెళ్ళొస్తాడు. ఆ మేజోడు చేసినవాళ్ళకి అతుకు వెయ్యడం రాలేదని, తనకిస్తే ఎలా కుట్టేవాడో వార్తలుకి చెప్తాడు. సొరంగం లేదని కూడా చెప్పాడు. వార్తలు నమ్మలేదు, "మత్తిచ్చి ఉంటారు, మీకు గుర్తుండదు" అన్నాడు.

ఫ్యాక్టరీ పాంట్లు అయిపోయాక భార్య ఆ పద్నాలుగు గుండీల పాంటు తీసింది. గుడ్డ మంచిది, పారేయడం ఎందుకు, గుండీలు పీకేసి కుట్టేస్తే మామూలుగా వేసుకోవచ్చని. మోటారు బర్రుమంది. నడుము దగ్గర్నుంచి మడమ దాకా ఒక్క ఊపులో మూసేసి, అంచు మలుపు తిప్పి, దారం కొరికి ఆయన చేతిలో పెట్టింది.

మాస్టారు కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చాడు. మలుపు దగ్గర వేలు ఆగింది. రెండు కుట్లు దాటాయి. నోరు తెరిచాడు.

"ఏంటి?" అంది ఆవిడ.

మాస్టారు పాంటు మడత పెట్టాడు.

"ఏం లేదు. దారం మంచిది కొన్నావు" అని లేచి, అరగంట కాకుండానే నడకకి బయల్దేరాడు.